సోనికేషన్ పెంచేకొద్దీ చుట్టలు పోయి ముక్కలే మిగులుతున్నాయి: జీవో నానోస్క్రోల్స్ చేసినవాళ్ళు కాస్త చూడండి

రేకుచుట్ట:

అందరికీ నమస్తే. మూడు నెలలుగా గ్రాఫీన్ ఆక్సైడ్ (జీవో, అంటే ఆక్సిజన్ గ్రూపులు అంటుకుని ఉన్న అతి పల్చటి కార్బన్ రేకు) రేకుల్ని చుట్టలుగా, అంటే నానోస్క్రోల్స్‌గా, చుట్టాలని తంటాలు పడుతున్నాను. మా గైడ్ గారు "చాప చుట్టినట్టు చుట్టుకుంటాయి, పెద్ద పనేం కాదు" అన్నారు. చాపనైతే రెండు చేతులతో పట్టుకుని చుడతాం, దీన్ని ఏ చేత్తో పట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియలేదు.

చేసింది మొత్తం చెప్తాను, తప్పెక్కడుందో చెప్పండి. జీవో మేమే చేసుకుంటాం, మెరుగుపరిచిన హమ్మర్స్ పద్ధతిలో (గ్రాఫైట్‌ని ఆమ్లాల్లో ఆక్సిడైజ్ చేయడం). సల్ఫ్యూరిక్, ఫాస్ఫారిక్ ఆమ్లాలు 9:1, దాంట్లో పొటాషియం పర్మాంగనేట్, సోడియం నైట్రేట్ వాడం కాబట్టి ఆ ఎర్రటి పొగల బాధ లేదు. కడగడం దగ్గరే నాలుగు రోజులు పోతుంది (చివర్లో సెంట్రిఫ్యూజ్ ట్యూబు అడుగున దిగకుండా జెల్లీలా వేలాడే ఆ ముద్దని చూసినవాళ్ళకి నా బాధ అర్థమవుతుంది). రేకులు మాత్రం బాగా వచ్చాయి. ఏఎఫ్‌ఎమ్‌లో (సూదిమొనతో తడిమి కొలిచే మైక్రోస్కోప్) మందం ఒక నానోమీటరు దగ్గర, వెడల్పు దాదాపు 10 మైక్రాన్లు, ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో పొరల మధ్య దూరం తేల్చే పరీక్ష) పీక్ 10.5 డిగ్రీల దగ్గర వచ్చింది, 26.5 దగ్గర గ్రాఫైట్ ఏమీ మిగల్లేదు.

ఆ జీవోని నీళ్ళలో మిల్లీలీటరుకి 0.5 మిల్లీగ్రాముల చొప్పున కలిపి, 50 మిల్లీలీటర్లు తీసుకుని, ఐస్ బాత్‌లో పెట్టి ప్రోబ్ సోనికేటర్ (నీళ్ళలో ముంచిన లోహపు కడ్డీ కొసతో అల్ట్రాసౌండ్ పంపే మెషీన్) నడిపాను. 40 శాతం ఆంప్లిట్యూడ్, 10, 30, 60, 120 నిమిషాలు. ప్రతిదాన్నించీ ఒక చుక్క టెమ్ (శాంపిల్ గుండా ఎలక్ట్రాన్లు పంపి చూసే మైక్రోస్కోప్) గ్రిడ్ మీద వేసి, గది వేడిలోనే ఆరనిచ్చి చూశాను.

10 నిమిషాల దాంట్లో అక్కడక్కడా పుల్లల్లాంటివి కనిపించాయి, రెండు మూడు మైక్రాన్ల పొడవు, చూడగానే ఎగిరి గంతేశాను. 30 నిమిషాల దాంట్లో కూడా ఉన్నాయి కానీ పొట్టివైపోయాయి. 60 దాటాక అన్నీ చిన్న చిన్న ముక్కలే, ఎక్కడో ఒక పుల్ల. ఇంకోటి, 10 నిమిషాల శాంపిల్‌ని ఆరబెట్టి, మళ్ళీ నీళ్ళలో వేసి మర్నాడు చూస్తే పుల్లలు లేవు, అన్నీ విప్పుకుని పడుకున్న రేకులే.

నా ప్రశ్నలు: అసలు అవి చుట్టలేనా? పొడుగ్గా, ఒకే సైజులో రావాలంటే ఏం మార్చాలి? నీళ్ళు తగిలితే విప్పుకోకుండా ఎలా ఆపాలి? వచ్చే నెల కమిటీ ముందు చూపించాలి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

---

పాతప్రోబ్:

ముందు ఒక చిన్న గొడవ తేల్చుకుందాం. 40 శాతం అంటే ఏమీ చెప్పినట్టు కాదండీ. అది టిప్ ఎంత ఊగుతోందో చెప్పే లెక్క, నీళ్ళలోకి ఎంత శక్తి దిగిందో చెప్పదు. టిప్ అంచు గుంటలు పడి అరిగిపోతే అదే 40 శాతంలో వేరే ఫలితం వస్తుంది, మీరేమో జీవో బ్యాచ్ తేడా అనుకుంటారు. నేను అలా ఒక ఏడాది తిట్టుకున్నాను, చివరికి తప్పు టిప్‌ది.

ఐస్ బాత్ తీసేసి, 50 మి.లీ. మామూలు నీళ్ళు బీకరులో పోసి, చుట్టూ థర్మోకోల్ పెట్టి, మీ సెట్టింగులోనే సరిగ్గా ఒక నిమిషం నడపండి. ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూడండి. 50 గ్రాముల నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 209 జౌళ్ళు కావాలి. ఆరు డిగ్రీలు పెరిగిందనుకుందాం, 1254 జౌళ్ళు, 60 సెకన్లతో భాగిస్తే 21 వాట్లు. అంటే 10 నిమిషాల్లో మిల్లీలీటరుకి 250 జౌళ్ళ చిల్లర, 120 నిమిషాల్లో 3000 పైన దిగుతోందన్నమాట. ఇకనుంచి నోట్‌బుక్‌లో నిమిషాలు కాదు, ఈ అంకె రాయండి.

ఇప్పుడు అసలు సంగతి. సోనికేటర్ ఒకే సమయంలో రెండు పనులు చేస్తుంది, చుడుతుంది, కోస్తుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర నీళ్ళలో బుడగలు పెద్దగా పెరిగి ఒక్కసారిగా కూలిపోతాయి, కూలినప్పుడు పక్కనున్న నీరు విసురుగా లాగుతుంది. ఆ లాగుడికి రేకు అంచు వంగుతుంది. వంగడానికి శక్తి కావాలి, అది బుడగ ఇస్తుంది. వంగిన అంచు వచ్చి రేకు మీదే పడి, కాస్త మేర ఒకదాని మీద ఒకటి కప్పుకుంటే, అక్కడ్నుంచి వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ (బాగా దగ్గరగా ఉన్న పొరల మధ్య ఉండే బలహీనమైన లాగుడు), జీవో అయితే హైడ్రోజన్ బంధాలు కూడా అందుకుని మిగతాది చుట్టేస్తాయి. అంటే మొదటి చుట్టు మనం పెట్టాలి, మిగతావి అవే వేసుకుంటాయి. కానీ అదే లాగుడికి రేకు చిరుగుతుంది కూడా. జీవో ఏమన్నా గట్టి గుడ్డా, ఆక్సిడేషన్‌లోనే సగం చిల్లులు పడి ఉంటుంది, చిల్లు దగ్గర పట్టుకుని చిరిగిపోతుంది.

చిరిగిన ముక్క ఎందుకు చుట్టుకోదో లెక్క వేస్తే తెలుస్తుంది. చుట్టని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం, రేకు వెడల్పు ఇంటూ పొరల మధ్య దూరం. లోపలి రంధ్రం వ్యాసార్థం 10 నానోమీటర్లు, పొరల మధ్య దూరం 0.8 నానోమీటర్లు అనుకోండి. ఒక మైక్రాను రేకైతే బయటి వ్యాసార్థం 19 నానోమీటర్ల దగ్గర వస్తుంది, 11 చుట్లు. మీ 10 మైక్రాన్ల రేకు పూర్తిగా చుట్టుకుంటే 50 చుట్లు, మొత్తం వ్యాసం 100 నానోమీటర్ల పైచిలుకు. అదే 300 నానోమీటర్ల ముక్కైతే నాలుగే చుట్లు. నాలుగు చుట్ల ఆకర్షణ దాన్ని పట్టి ఉంచలేకపోవచ్చు, పైగా అసలు మొదటి అంచు వంగాలంటేనే చిన్న ముక్కని పట్టి లాగడానికి నీళ్ళకి చోటు దొరకదు. అందుకే మీ 60 నిమిషాల శాంపిల్‌లో ఏమీ లేదు. పైగా మీ టెమ్ బొమ్మల్లో పుల్లల మందం కొలిచి ఈ లెక్కతో పోల్చండి. 10 మైక్రాన్ల రేకునుంచి 30 నానోమీటర్ల పుల్ల వచ్చిందంటే అది మొత్తం రేకు చుట్టుకున్నది కాదు, చిరిగిన ఏదో పేలిక.

కాబట్టి తక్కువ డోసు, పెద్ద రేకులు. పల్స్ మోడ్ పెట్టండి, రెండు సెకన్లు ఆన్, రెండు మూడు సెకన్లు ఆఫ్. వీలుంటే హై ఫ్రీక్వెన్సీ చూడండి, 2016లో నానోస్కేల్ జర్నల్‌లో 20, 200 కిలోహెర్ట్జ్ రెండింటితోనూ జీవో చుట్టలు చేసిన పేపరు ఉంది. ఫ్రీక్వెన్సీ పెరిగితే బుడగలు చిన్నవవుతాయి, ఒక్కో బుడగ దెబ్బ తగ్గుతుంది. అయితే 200 దగ్గర హైడ్రాక్సిల్ రాడికల్స్ ఎక్కువ పుడతాయి, అవి రేకు కెమిస్ట్రీని కూడా కెలుకుతాయి, ఉచితంగా ఏదీ రాదు.

ఇంకోటి మర్చిపోయాను. టైటానియం టిప్ నుంచి సన్నటి పొడి రాలుతుంది. రెండు గంటల శాంపిల్‌లో టెమ్‌లో నల్లటి చుక్కలు కనిపిస్తే అవి నానోపార్టికల్స్ అని మురిసిపోయి పేపరు రాయకండి.

---

అనుమానపు పక్షి:

10, 30, 60, 120 అని రాశారు. 0 నిమిషాల శాంపిల్ ఏది?

అడగడానికి కారణం ఉంది. గ్రిడ్ మీద చుక్క ఆరేటప్పుడు నీటి అంచు లోపలికి జరుగుతూ వెళ్తుంది. నీటి తలతన్యత మీటరుకి 72 మిల్లీన్యూటన్లు, వినడానికి చిన్నదే కానీ ఒక నానోమీటరు మందం ఉన్న రేకుకి అది రోడ్ రోలర్‌తో సమానం. ఆ అంచు రేకుల్ని ఈడ్చి, మడిచి, కొన్నిసార్లు నిజంగానే చుట్టేసి వెళ్ళిపోతుంది. మీరు సోనికేటర్‌కి దండ వేస్తున్నారు, పని చేసింది ఆరుతున్న చుక్క కావచ్చు. మళ్ళీ నీళ్ళలో వేస్తే విప్పుకున్నాయని మీరే రాశారు, నా అనుమానానికి అది కూడా బలం.

రెండోది, పుల్లలా కనిపించేదల్లా చుట్ట కాదు. మూడు రకాలు ఉంటాయి: చుట్ట, మడత, ముడత. టెమ్‌లో చుట్టకి రెండు పక్కలా నల్లగా, మధ్యలో లేతగా ఉంటుంది, ఎందుకంటే గోడల దగ్గర ఎలక్ట్రాన్లు ఎక్కువ పొరలు దాటాలి. మడతకి సాధారణంగా ఒక పక్కే నల్లటి గీత ఉంటుంది. ముడత రేకు మీద గీతలా మొదలై రేకులోనే కలిసిపోతుంది, దానికి తెరిచి ఉన్న కొస ఉండదు. ఇంత చూసినా తేలకపోతే స్టేజ్‌ని వంచండి, అటు 30 డిగ్రీలు, ఇటు 30. గుండ్రటి చుట్టని దాని పొడవు చుట్టూ ఎటు తిప్పినా వెడల్పు మారదు, చదునైన పట్టీ అయితే సన్నబడుతుంది. పది నిమిషాల పని ఇది, ఎవరూ చేయరు, అందరూ నిలువు బొమ్మ ఒకటి తీసి "స్క్రోల్" అని బాణం గుర్తు పెట్టేస్తారు. ఎక్స్‌ఆర్‌డీ మీద కూడా ఆశ పెట్టుకోకండి, పొరలు పొరలుగా పేరుకున్న జీవో కూడా ఇంచుమించు అక్కడే పీక్ ఇస్తుంది.

80 కిలోవోల్ట్‌ల దగ్గర చూడండి, బీమ్ ఎక్కువసేపు ఒకేచోట పెట్టకండి. జీవో బీమ్ కిందే రిడ్యూస్ అయి, అంటే ఆక్సిజన్ పోగొట్టుకుని, కుంచించుకుపోతుంది, మీరు చూస్తుండగానే ఆకారం మారుతుంది.

---

రేకుచుట్ట:

నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను, కాస్త సిగ్గుతో.

0 నిమిషాల శాంపిల్ చేశాను. సోనికేటర్ గదిలోకి కూడా తీసుకెళ్ళలేదు, చేత్తో మెల్లగా కదిపి చుక్క వేశాను. పుల్లలు ఉన్నాయి. 10 నిమిషాల దాంట్లో ఉన్నన్ని లేవు కానీ ఉన్నాయి, అదీ ఎక్కువగా గ్రిడ్ ఒక పక్కన వరుసగా, అన్నీ ఇంచుమించు ఒకే దిక్కుకి తిరిగి. చుక్క చివరగా ఆరిన చోటు అదే అయ్యుంటుంది. ఒక గంట అలా స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను. మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఇది వేసి చూడాలని తట్టలేదంటే నా మీద నాకే కోపం వచ్చింది.

10 నిమిషాల శాంపిల్‌లో 20 పుల్లల్ని వంచి చూశాను. ఏడు నిజంగానే చుట్టలు, వెడల్పు మారలేదు, రెండు పక్కలా నల్లగా ఉన్నాయి, ఒకదాని కొస కాస్త పక్కకి తిరిగి ఉండటంతో లోపలి రంధ్రం కూడా కనిపించింది. తొమ్మిది సన్నబడ్డాయి, అంటే మడతలే. నాలుగు ఏమిటో తేలలేదు.

పాతప్రోబ్ అన్నా, వేడి లెక్క కూడా చేశాను. 50 మి.లీ. నీళ్ళు నిమిషానికి తొమ్మిది డిగ్రీలు పెరిగాయి, అంటే 31 వాట్లు. నేను మనసులో పదో పదిహేనో అనుకున్నాను. చితక్కొట్టడమంటే ఇదే.

ఇప్పుడు నా ప్రశ్న మారింది. ఆరేటప్పుడు వచ్చే చుట్టల్ని, నీళ్ళలో ఉండగానే వచ్చిన చుట్టల్ని ఎలా విడదీసి చూడాలి? ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే తలతన్యత తగ్గుతుంది కదా, అలా ఆరబెడితే సరిపోతుందా?

---

అనుమానపు పక్షి:

సిగ్గెందుకండీ, వేసి చూశారు, అదే చాలామంది చేయరు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ విషయంలో జాగ్రత్త. దాని తలతన్యత నీళ్ళలో మూడోవంతు కంటే తక్కువ, ఆ మాట నిజమే. కానీ 2009లో సిలికాన్ డయాక్సైడ్ మీద ఉన్న ఒక్క పొర గ్రాఫీన్‌ని చుట్టలు చుట్టించింది సరిగ్గా ఆ ద్రావణంతోనే. అది జీవో కాదు, ఉత్త గ్రాఫీన్, అయినా కంట్రోల్ ప్రయోగంలో చుట్టడానికి పేరుపడిన ద్రావణమే వాడితే మళ్ళీ మొదటికొస్తాం.

సరైన దారి క్రయో టెమ్. పల్చటి నీటి పొరని లిక్విడ్ ఈథేన్‌లో గబుక్కున ముంచితే మంచు స్ఫటికాలు కట్టే టైమ్ ఉండదు, నీళ్ళలో ఏ ఆకారంలో ఉందో ఆ ఆకారంలోనే గడ్డకడుతుంది. అది లేకపోతే క్రిటికల్ పాయింట్ డ్రయింగ్: నీటిని మెల్లగా ఇథనాల్‌తో మార్చి, ఇథనాల్‌ని లిక్విడ్ కార్బన్ డయాక్సైడ్‌తో మార్చి, 31 డిగ్రీలు, 73 అట్మాస్ఫియర్లు దాటించి వదిలేయడం. ద్రవానికీ వాయువుకీ మధ్య హద్దే ఉండదు కాబట్టి ఈడ్చే అంచు కూడా ఉండదు. బయాలజీ వాళ్ళ సెమ్ (ఎలక్ట్రాన్లతో పైభాగాన్ని చూసే మైక్రోస్కోప్) ల్యాబుల్లో ఈ మెషీన్ తప్పకుండా ఉంటుంది, వెళ్ళి మంచిగా అడగండి. ఏ పద్ధతైనా 0 నిమిషాల శాంపిల్ పక్కనే పెట్టి చేయండి, ఇక ఈ మాట నేను మళ్ళీ చెప్పను.

---

మంచుముక్క:

ఆలస్యంగా చూశాను. మీరంతా ఆరేటప్పుడు చుట్టుకుంటున్నాయని బాధపడుతున్నారు, నేను మూడేళ్ళుగా దాన్నే నమ్ముకుని బతుకుతున్నాను. నేను సోనికేటర్ వాడను, ఫ్రీజ్ డ్రయింగ్‌లో చేస్తాను. నా దగ్గర చుట్టేది మంచు, పేపర్లో కూడా అలాగే రాస్తాను.

నీరు గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికం తనలోకి రేకుని రానివ్వదు, పక్కకి నెడుతుంది. రేకులు స్ఫటికాల మధ్య సందుల్లో ఇరుక్కుంటాయి. ద్రావణం చిక్కగా ఉంటే పక్కపక్క రేకులు ఒకదానికొకటి అతుక్కుని గోడలు కడతాయి, అప్పుడు వచ్చేది తేనెపట్టులాంటి ఫోమ్. పల్చగా ఉంటే ఒక్కో రేకు ఒంటరిగా ఉంటుంది, అతుక్కోవడానికి పక్కన ఎవరూ లేరు, తనని తానే చుట్టుకుంటుంది. ఇందులో కిటుకు అంతా గాఢతలోనే ఉంది. మీ 0.5 మిల్లీగ్రాములు నాకు చిక్కటి కిందే లెక్క. 0.05 దగ్గర మొదలుపెట్టి, అటూ ఇటూ రెండు మూడు చూడండి.

రెండోది వేగం. మామూలు ఫ్రీజర్‌లో రాత్రంతా పెడితే పెద్ద స్ఫటికాలు పెరుగుతాయి, రేకుల్ని గుంపులుగా తోసేస్తాయి. లిక్విడ్ నైట్రోజన్, మైనస్ 196. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, ద్రావణాన్ని నేరుగా నైట్రోజన్‌లోకి చుక్కలుగా వదలడం. చుక్క చుట్టూ ఆవిరి పొర కట్టి అది పైన దొర్లుతూ ఉంటుంది, వేడి పెనం మీద నీటిబొట్టు దొర్లినట్టు, అనుకున్నంత వేగంగా గడ్డకట్టదు. దానికంటే ఒక రాగి పలకని నైట్రోజన్‌లో బాగా చల్లార్చి, దాని మీద పల్చగా పొరలా పోయండి. చటుక్కున తెల్లబడిపోతుంది.

తర్వాత లయోఫిలైజర్, అంటే గడ్డకట్టినదాన్ని వాక్యూమ్‌లో ఆరబెట్టే మెషీన్. శాంపిల్ ఎక్కడా కరగకూడదు, ఇది ప్రాణం. నీటి ట్రిపుల్ పాయింట్ (ఇంతకంటే తక్కువ ఒత్తిడిలో మంచు నీరవకుండా నేరుగా ఆవిరవుతుంది) 611 పాస్కల్స్, దానికి బాగా కింద ఉండాలి, నేను పదుల పాస్కల్స్‌లో ఉంచుతాను, రెండు రోజులు. మధ్యలో కరెంటు పోయో, వాక్యూమ్ లీకయ్యో ఒక్క పావుగంట కరిగినా అనుమానపు పక్షి గారు చెప్పిన ఆ నీటి అంచు తిరిగొచ్చేస్తుంది, లేచి చూస్తే దూదికి బదులు గోధుమరంగు అట్ట ఉంటుంది. నాకు రెండుసార్లు అయింది.

చుట్ట లావు మార్చాలంటే రేకు సైజే మార్చాలి, పాతప్రోబ్ గారి లెక్క ఇక్కడా పనికొస్తుంది. ముందు సెంట్రిఫ్యూజ్‌లో రేకుల్ని సైజు వారీగా వేరు చేయండి, తక్కువ వేగంలో కిందకి దిగేవి పెద్దవి. అన్ని సైజులూ కలగలిపి చుట్టించి, తర్వాత "ఒకే లావులో రావట్లేదు" అని ఏడవడం వృథా.

ఇక విప్పుకోవడం గురించి. జీవో నీళ్ళంటే పడిచస్తుంది. పొరల మధ్య దూరం బాగా ఎండితే 0.6 నానోమీటర్లు, బాగా తడిస్తే 1.2 దాకా పోతుంది. నీళ్ళు పొరల మధ్య దూరి వాటిని ఎడం చేస్తాయి, ఆకర్షణ తగ్గుతుంది, దానికి తోడు కార్బాక్సిల్ గ్రూపులు నీళ్ళలో రుణావేశం తెచ్చుకుని ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఇంకేముంది, వంచిన రేకు నిటారుగా లేస్తుంది. దీనికి మందు రిడక్షన్. ఆక్సిజన్ గ్రూపులు చాలావరకు పోతే పొరల దూరం 0.37 దగ్గరకి వచ్చేస్తుంది, నీళ్ళు దూరే చోటుండదు. నేను ఎండిన చుట్టల్నే ఆర్గాన్‌లో నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 200 దాకా తీసుకెళ్తాను. తొందరపడి పది డిగ్రీలు పెడితే లోపల పుట్టే కార్బన్ డయాక్సైడ్, ఆవిరి ఒక్కసారిగా బయటికి తన్ని చుట్టని పగలగొడతాయి.

జాగ్రత్త మాట కూడా. ఎండిన జీవో వేడికి తనంతట తానే శక్తి విడుదల చేస్తూ విడిపోతుంది. కొద్దిగా ఉంటే ఏమీ కాదు, గ్రాముల కొద్దీ కుప్పగా పోసి వేడిచేస్తే గుప్పుమంటుంది. సరిగా కడగక పొటాషియం లవణాలు మిగిలితే ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. నాలుగు రోజులు కడిగానని విసుక్కున్నారు కదా, ఐదోరోజు కూడా కడగండి. లిక్విడ్ నైట్రోజన్ ఉన్న దేన్నీ మూత బిగించకండి, అది వేరే చెప్పాలా.

---

పాతప్రోబ్:

మంచుముక్క గారు చెప్పింది బాగుంది, నేను ఒక్కటే కలుపుతాను. ఆక్సిజన్ గ్రూపుల్ని పంపేస్తే అది ఇక జీవో చుట్ట కాదు, ఆర్‌జీవో (రిడ్యూస్ అయిన జీవో) చుట్ట. నీళ్ళలో కలవదు. మీకు ఏ పనికి కావాలో ముందు తేల్చుకోండి. సూపర్‌కెపాసిటర్‌కైతే కరెంటు పారాలి కాబట్టి రిడక్షన్ ఎలాగూ చేయాలి, సమస్యే లేదు. నీటి ఫిల్టరు లాంటిదానికైతే పొరల మధ్య ఆ 0.8 దూరమే మీకు కావాల్సింది, దాన్ని మూసేస్తే చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరు.

లోపల ఏదైనా పెట్టి చుట్టించే దారి కూడా ఉంది. 2013లో నైట్రోజన్ కలిపిన గ్రాఫీన్ మీద మ్యాగ్నెటిక్ ఐరన్ ఆక్సైడ్ నానోపార్టికల్స్ అంటించి, రేకు వాటి చుట్టూ చుట్టుకునేలా చేశారు, ఆ పార్టికల్స్ తీసేస్తే మళ్ళీ విప్పుకుంది. ఆకారం మీద పట్టు అంటే నాకు అది, బాదడం కాదు. కానీ కమిటీ నెలలో ఉంది కాబట్టి ఇప్పుడు దాని జోలికి పోకండి.

---

రేకుచుట్ట:

మూడు వారాలు అయింది, ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

రేకుల్ని రెండు సైజులుగా వేరుచేశాను. పెద్దవాటిని 0.5, 0.1, 0.05 గాఢతల్లో రాగి పలక మీద గడ్డకట్టించాను. 0.5 ముట్టుకుంటే నొక్కుకుపోయే ఫోమ్ వచ్చింది, సెమ్‌లో అన్నీ గోడలే, ఒక్క చుట్ట లేదు. 0.1లో సగం సగం, రేకు ఒక పక్క గోడకి అతుక్కుని రెండో పక్క చుట్టుకున్నవి కూడా ఉన్నాయి, చూడటానికి సగం చుట్టి వదిలేసిన చాపలా. 0.05లో మాత్రం దూది వచ్చింది. లేత గోధుమ రంగు, ఊపిరి తగిలితే కదులుతుంది. సిలికాన్ ముక్క మీద పెట్టి ఒక కిలోవోల్ట్ దగ్గర చూస్తే (అంతకు పైన చార్జింగ్ వచ్చి తెల్లగా మెరిసిపోతోంది) ఎక్కువ భాగం పొడుగాటి చుట్టలే. తేలికగా కొలవగలిగిన వాటి లావు 90 నుంచి 150 నానోమీటర్ల మధ్య ఉంది. అన్నా, మీ లెక్క 100 పైచిలుకు అంది. ఆ అంకె చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికి చెప్పినా అర్థం కాలేదు.

సోనికేషన్ శాంపిల్స్‌ని క్రిటికల్ పాయింట్ డ్రయింగ్ చేయించాను, బయాలజీ వాళ్ళు ఒప్పుకున్నారు. 0 నిమిషాల దాంట్లో పుల్లలు దాదాపు లేవు. 10 నిమిషాల దాంట్లో కొన్ని ఉన్నాయి, అంటే సోనికేటర్ కూడా కొంత చుడుతోంది, నేను అనుకున్నంత మాత్రం కాదు. కమిటీకి రెండు గ్రిడ్లూ పక్కపక్కనే పెట్టి చూపించాను. గైడ్ గారు ఏమీ అనలేదు, తర్వాత పిలిచి "ఆ 0 నిమిషాల బొమ్మ పెద్దది చేసి పెట్టు" అన్నారు.

ఒక నష్టం మాత్రం జరిగింది. లయోఫిలైజర్ ఆపేటప్పుడు గాలి వాల్వ్ ఒక్కసారిగా తిప్పాను, 0.05 దూది మొత్తం లేచి గాజు గోడలకి అంటుకుపోయింది. బ్రష్‌తో గీకి తీస్తే మూడు మిల్లీగ్రాములు కూడా రాలేదు. రెండు రోజుల పని.

---

మంచుముక్క:

హహ, స్వాగతం, అందరం కట్టిన ఫీజే అది. ఈసారి డిష్ మూతికి ఫిల్టర్ పేపరు కప్పి, సన్నటి దారంతో కట్టి, పిన్నుతో పది చిల్లులు పెట్టండి. వాల్వ్ మాత్రం వెంట్రుక వాసి తిప్పి, వెళ్ళి టీ తాగి రండి.